నాయుడు, నైడూ: సముద్రము దాటిన యొక పేరు



మన పల్లెలలో క్రొత్తవాడు వచ్చి అరుగుమీద కూర్చుండినచో, మంచినీళ్ళిచ్చిన పిమ్మట మన మడుగు మొదటి ప్రశ్న "మీ దే ఊరు?" అని. రెండవది "ఇంటిపేరేమి?" అని. ఈ రెండు ప్రశ్నలకును ఉత్తరము చెప్పలేనివాడు మన యెదుట నిలిచిన నేమి చేయుదుము? గత సంవత్సరము మామిడి పూతవేళ నట్టివాడొకడు నాకు జాబు వ్రాసెను. ఆ జాబు నన్ను పెట్టిన కష్టమును, దానివలన నేను తెలిసికొన్న చరిత్రమును నేటి ప్రసంగమున విన్నవించెదను.

జాబు దక్షిణాఫ్రికాలోని డర్బను నగరమునుండి వచ్చినది. కంప్యూటరులో వచ్చిన దానిని మా మనుమడు కాగితముమీద అచ్చువేసి తెచ్చి యిచ్చెను. వ్రాసినాయన నావలెనే బడిపంతులై విశ్రాంతి తీసికొన్నవాడు. ఆయన పేరు చివర "నైడూ" అని యున్నది. జాబుతోపాటు పాత ఓడలెక్క నకలొకటి జతచేసినాడు. నూట యిరువది యేండ్లకు పూర్వము మద్రాసు రేవున ఓడనెక్కిన ఆయన ముత్తాతగారిని గూర్చిన యొక వరుస అందున్నది. సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు 22, కులము, జిల్లా "కిస్నా", ఠాణా "నూజీడు", గ్రామము "గూడెం", ఎడమకాలిమీద మచ్చ. అంతే. "మాస్టారూ, మా ఊరేది? మా ఇంటిపేరేమి? నాయు డను మాటకు అర్థమేమి?" అని ఆయన మూడు ప్రశ్నలు వేసినాడు.

మూడవదానికి నే నుత్తరము చెప్పగలను. తెలుగు పండితుడనై మూడు దశాబ్దములు జీతము తీసికొన్నవాడను గదా! అందుచేత దానితోనే మొదలు పెట్టెదను.

నాయకుడు సంస్కృత శబ్దము, నడిపించువాడని అర్థము. దానిలోని "క" తెలుగునోట అరిగిపోయి నాయడు, నాయుడు అయినది. ఈ శబ్దమునకు విభక్తి చేర్చునపుడు "నాయని" అని మారును. నాయనివారు, నాయనింగారు అని శాసనములలో కనబడును. ఈ "నాయని" ఇంకను అరిగి "నేని" యైనది. అక్కినాయని అక్కినేని యైనది. వల్లభనేని, పిన్నమనేని, కొమ్మినేని మొదలగు మన కృష్ణాతీరపు ఇంటిపేర్లలో తోకగా నున్న "నేని" యిదియే. మా బాపులపాడు ప్రాంతమున నేను పాఠము చెప్పిన తరగతిగదులలో ఏ హాజరుపట్టీ తెరచినను అట్టి పేర్లు నాలుగైదైనను ఉండెడివి. డర్బనులోని నైడూ గారికిని ఆ పిల్లలకును పేరులో ధాతువొక్కటే. ఇది చెప్పినప్పుడు మా రచ్చబండమీద కొందరు నమ్మలేదు. వ్యాకరణమును నమ్మింపవలెనన్న శాసనము చూపవలెను గదా యని చరిత్రలోనికి పోవలసి వచ్చినది.

కాకతీయుల కాలమున నాయకు డనగా కేవలము గౌరవవాచకము కాదు, అది ఉద్యోగము. రాజు కొన్ని గ్రామముల ఆదాయమును ఒకనికి విడిచిపెట్టును. వాడు అందుకు బదులుగా సేనను పోషించి, పిలిచినపుడు తెచ్చి నిలుపవలెను. దానిని నాయంకర మనిరి. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన తరువాత తిరుగబడి నిలిచినవారును ఈ నాయకులే. వారిలో ముసునూరి ప్రోలయ నాయకుడు, కాపయ నాయకుడు ప్రసిద్ధులు. ప్రోలయను గూర్చి విలస తామ్రశాసనము విస్తారముగా చెప్పుచున్నది. వారి ఇంటిపేరునకు మూలము మన నూజివీటి ప్రక్కనున్న ముసునూరే యని ఇచటివారు చెప్పుకొందురు. ఇందు గమనింపవలసిన దేమనగా, ముసునూరి యనునది ఇంటిపేరు; నాయకు డనునది అధికారము. రెండును వేరు వేరు. విజయనగర కాలమునకును ఈ పద్ధతి సాగినది. తరువాత సేనలు పోయినవి, గ్రామములు పోయినవి, బిరుదు మాత్రము మిగిలినది. తండ్రినుండి కొడుకునకు వచ్చుచు, ఒకటికంటె నెక్కువ కులములవారికి గౌరవపదమైనది. దక్షిణమునకు వలసపోయి మధుర, తంజావూరు సీమలలో నిలిచిన మనవారు తమిళము మాట్లాడుచును ఆ బిరుదును వదలలేదు. కావున నాయుడు అని వినగానే ఇంటిలో తెలుగు మాట్లాడుదురని తలంపరాదు.

మనదేశమున ఇప్పటికిని ఇంటిపేరు ముందు, పేరు నడుమ, బిరుదు చివర. 1932లో భారతదేశపు క్రికెట్టు జట్టునకు మొదటి టెస్టు నాయకుడైన సి.కె. నాయుడుగారి మొదటి అక్షరములో కొఠారి యను ఇంటిపేరు దాగియున్నది. సరోజినీదేవిగారి భర్త గోవిందరాజులు నాయుడుగారి ఇంటిపేరు ముత్యాల. ఇంగ్లీషువాడు పేరు వ్రాయునపుడు చివరిమాటనే వంశనామముగా తలచును. అతనికి ముత్యాలయు కొఠారియు పట్టవు, నాయుడే పట్టును.

ఇక సముద్రముమీదికి పోదము. ఆంగ్లేయుల చెరకుతోటలలో బానిసలను 1834లో విడిచిపెట్టవలసి వచ్చినపుడు వారికి కూలీలు కావలసివచ్చిరి. మారిషస్ దీవికి మన కోరంగి రేవునుండియే 1843లో కొరింగీ పాకెట్ అను ఓడ పోయినది. నేటాలు సీమకు 1860 అక్టోబరులో మద్రాసున బయలుదేరిన ట్రూరో యను ఓడ నవంబరు 16న డర్బను చేరెను. అందు వచ్చినవారు 342 మంది. అది మొదలు 1911 వరకు నేటాలు చేరిన కూలీలు 1,52,184 మంది. అందు మూడింట రెండువంతులు మద్రాసునుండి పోయినవారే. వారిలో తమిళులతోపాటు విశాఖపట్టణము, గోదావరి, కృష్ణా జిల్లాల తెలుగువారును గలరు. ఐదేండ్ల కొప్పందము, ఇంగ్లీషులో అగ్రిమెంటు. మనవారినోట గిరిమిట్టు. మొదటి యేడు నెలకు పది షిల్లింగులు, తరువాత ఏటేట ఒక షిల్లింగు ఎక్కువ. పదియేండ్లున్నగాని తిరుగు ఓడకు ఉచితపు టికెట్టు లేదు. 1895నాటి చట్టముచే ఐదేండ్లు తీరినపిమ్మట మరల కూలికి కుదురక, ఇంటికి పోక నిలిచినవాడు ఏటికి మూడు పౌనుల పన్ను కట్టవలెను. ఆ పన్ను 1914లో గాని పోలేదు.

మద్రాసు డిపోలో మనిషి మెడకు తగరపుబిళ్ళ కట్టి అంకె వేసిరి. గుమాస్తా వరుసగా ప్రశ్నలడిగి గళ్ళు నింపెను. పేరునకు గడి గలదు; తండ్రిపేరునకు గలదు; కులమునకును, ఒంటిమీది మచ్చకును గలదు. ఇంటిపేరునకు లేదు! నేను ఆ నకలును రెండు దినములు ముందు పెట్టుకొని చూచితిని. కాలిమీది పుట్టుమచ్చను దక్షిణాఫ్రికాలోని కాగితములు నూరేండ్లు భద్రముగా నిలిపినవి. ఇంటిపేరు మాత్రము మద్రాసు రేవు దాటలేదు. అడిగియుండిన ఆ యిరువదిరెండేండ్ల పిల్లవాడు తడువుకొనకుండ చెప్పియుండును. అడుగలేదు.

అచట దొరతనము వారికి చివరిమాట యొకటి కావలెను. కొందరికి తండ్రిపేరే వంశనామమై స్థిరపడెను. మారిషస్‌లో అప్పడు, అప్పన్న అనునవి ఇప్పుడు ఇంటిపేర్లు. ఫ్రెంచి భాషలో నవలలు వ్రాసి పేరొందిన నతాషా అప్పనా గారు ఆ తెలుగు సంతతివారే. అప్పన్న, అప్పలస్వామి అను పేర్లు వినిన వెంటనే సింహాచలము కొండ మీకు కనబడుట లేదా? ఊరిపేరు వ్రాయని కాగితముమీద దేవునిపేరు ఊరిదారి చూపుచున్నది. మలయాలో మనిషిపేరునకు తండ్రిపేరు మాత్రము చేర్చుటయే ఆచారమైనందున అప్పలనాయుడు, అప్పలస్వామి అను పేర్లు నేటికిని ఒట్టి పేర్లుగనే యున్నవి. ఇక రంగూనునకు పోయినవారిని అందరిని కోరంగీలనిరి. ఎక్కిన రేవే వారికి పేరైనది.

నేటాలులో ఎక్కువమందికి బిరుదులే వంశనామములైనవి. నాయుడు నైడూ యాయెను. రెడ్డి రెడ్డిగనే నిలిచెను. శెట్టి చెట్టీ యాయెను. ఇంగ్లీషు వ్రాతలో నైడూనకు చివర రెండు "ఓ" లుండును. ఫిజీ దీవులలో మనదేశమునందువలె "యు" ఒకటే. ఇందులకు కారణము నే నిట్లూహించితిని. దేశీయ నామములను ఇంగ్లీషున వ్రాయుటకు హంటరు దొర క్రమము 1870 ప్రాంతముల సర్కారువా రంగీకరించిరి. అంతకు పూర్వము "ఊ" అను ధ్వనికి రెండు "ఓ" లు వేయువాడుక. నేటాలు లెక్కలు 1860లోనే మొదలైనవి. పాతవాడుక అచటి ఆఫీసులలో పాతుకొనినది. ఫిజీకి దక్షిణాదివారు పోవుట 1903లో గాని ఆరంభము కాలేదు. అప్పటికి క్రొత్తవ్రాత వచ్చియున్నది. ఆ రెండు అక్షరములనుబట్టి ఒకని తాతలు ఏ దీవికి పోయిరో చాలవరకు చెప్పవచ్చును.

పండితుడనగుటచే మరియొక చిన్న మాట చెప్పక మానలేను. నాయుడు లోని "డు" పుంలింగ ప్రత్యయము. స్త్రీకి నాయకురాలు అనవలెను. పలనాటి నాగమ్మకు ఆ బిరుదే గలదు గదా. నైడూ వంశనామమైన పిమ్మట తల్లియు నైడూ, కూతురును నైడూ. వ్యాకరణము సముద్రము దాటలేదు. అయినను సరోజినీ నాయుడుగారినే మన మట్లు పిలుచుచున్నాము. బంగాళీ యింట పుట్టిన ఆ తల్లికి తెలుగు పుంలింగము అలంకారమైనది. 1924లో ఆమె దక్షిణాఫ్రికాకు పోయి అచటి భారతీయుల సభలలో ఉపన్యసించెను. అచటి నైడూలకు ఆ పేరు విన్నపుడెట్లుండెనో!

ఆ పేరునకు అచట గౌరవము తెచ్చినవారిలో మొదట చెప్పదగినవాడు తంబి నైడూ. ఆయన 1875లో మారిషస్‌లో పుట్టి ట్రాన్సువాలునకు పోయినవాడు. తమిళుడు, తెలుగు కొంత తెలియునని గాంధీ మహాత్ముడే వ్రాసియున్నాడు. 1908 జనవరిలో గాంధీగారితో జైలునకు పోయెను. ఫిబ్రవరి 10న మీర్ ఆలం మొదలగువారు గాంధీగారిని కొట్టినపుడు ఆ దెబ్బలకు అడ్డుపడి తానును తినెను. 1913 సత్యాగ్రహములో ఆయన భార్య వీరమ్మాళ్ చెరసాలకు పోయెను. వారి మనుమలు మనుమరాండ్రును తెల్లదొరల జాతిభేద ప్రభుత్వముతో పోరాడి జైళ్ళు చూచిరి. 1994లో మండేలా మంత్రివర్గమున జే నైడూ గారు మంత్రి యైరి. కుమీ నైడూ గారు ప్రపంచ సంస్థలకు అధిపతిగ పనిచేసిరి. ఫిజీలో జైరాం రెడ్డిగారు అచటి 1997 రాజ్యాంగమునకు కారకులైన పెద్దలలో నొకరు. 1987లో అచట సైన్యము ప్రభుత్వమును కూలద్రోసిన తరువాత ఫిజీ నాయుడులు, రెడ్లు అనేకులు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, కెనడాలకు రెండవమారు వలసపోయిరి. నైడూలును డర్బనునుండి అటులే బయలుదేరి లండనులో, సిడ్నీలో కనబడుచున్నారు. అయినను వారి పెద్ద గూడు డర్బనే. 1950నాటి జాతివారీ నివాసచట్టముచే భారతీయులను పాతయిండ్లనుండి లేపి తరిమిన చాట్స్‌వర్తు, ఫీనిక్సు పేటలలో ఆ పేరు వీధివీధిన వినబడునని నాకు జాబు వ్రాసినాయన చెప్పెను. తెలుగును నిలుపుకొనుటకు 1931లోనే డర్బనులో ఆంధ్ర మహాసభ స్థాపించుకొనిరి.

అమెరికాకు పోయిన మన పిల్లల సంగతి వేరు. 1965లో అచట వలసచట్టము మారిన పిమ్మట డాక్టర్లు, ఇంజనీర్లు పాసుపోర్టు చేతబట్టుకొని పోయిరి. ఆ పుస్తకములో ఇంటిపేరునకు గడి గలదు! ముందుండవలసిన ఇంటిపేరు వెనుకకు పోయినదే గాని పోలేదు. నాదెళ్ళ, చిలుకూరి, దావులూరి అని అచటి పత్రికలలో చూచుచున్నాము. 2014 సంవత్సరపు మిస్ అమెరికా నీనా దావులూరి యని వినగానే కంకిపాడు ప్రక్కనున్నవారు మా దావులూరే యనిరి, గుంటూరుసీమవారు కాదు మాదే యనిరి. దావులూర్లు రెండుచోట్లను గలవు. తగవులాడుకొనుటకైనను ఊరిపేరు మిగిలినది గదా. అంతకు పూర్వము అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావుగారికి ఆ భాగ్యమును లేదు. భీమవరమున పుట్టి మందులలో లోకోపకారము చేసిన ఆ మహనీయుని అచటివారు సుబ్బారో యనిరి. యల్లాప్రగడ తెరవెనుకకు పోయెను. గడి యుండుటకును లేకుండుటకును ఇంత భేదము.

ఇక నా జాబుసంగతి. గూడెమట! మా మండలమున రంగన్నగూడెము గలదు, సింగన్నగూడెము గలదు. ఆవల రెడ్డిగూడెము గలదు. పొలములోని పాకలనుకూడ ఆ కాలమున గూడెమనియే యనిరి. నూజీడు అని వ్రాసినది నూజివీడే యనుటకు నాకు సందేహము లేదు. పైగా వారి ముసలమ్మ "మా దేశపు మామిడిపండును కోయరాదు, పిసికి పీల్చవలె" నని చెప్పుచుండెడిదట. ఇది రసాలసీమగాక మరేమి? నాకంటె పెద్దవారిని ముగ్గురిని వెంట పెట్టుకొని మూడు గూడెములు తిరిగితిని. ఫలము లేదు.

ఇచట నేను చేసిన తప్పొకటి ఒప్పుకొనవలెను. ఓడలెక్కలో ఆ పిల్లవానిపేరు చివర నాయుడు లేదు. ఒట్టిపేరే. నైడూ యనునది మొదటిసారి అతని కొడుకు పెండ్లికాగితములో కనబడుచున్నది. కులపు గడిలో వ్రాసినమాట ఇచట చెప్పను. ఆ దినములలో మన గ్రామములందు నాయు డని చెప్పుకొనినచో వీపు చిట్లగొట్టియుందు రని మాత్రము చెప్పుదును. రచ్చబండమీద ఈ గడి చదివినపుడు ఒకరు నవ్వి, "దొంగ నాయుడా!" అనిరి. నేను వారితో నవ్వలేదు గాని, వారిని మందలింపను లేదు. ఇంటికి వచ్చి డర్బనునకు జాబు వ్రాయునపుడు నాయకశబ్దపు వ్యుత్పత్తిని, కాకతీయులను, విలస శాసనమును నాలుగు పుటలు వ్రాసితిని. కులపు గడి చెరిగినది, చదువుటకు వీలులేదని యొక వాక్యము చేర్చితిని. అది అబద్ధము. గడి స్పష్టముగనే యున్నది. ఆయన మనస్సు నొచ్చునని దాచితినని అప్పుడు నాకు నేను చెప్పుకొంటిని. నిజమునకు నాకే సిగ్గు వేసినది. ఎవరిని గూర్చియో ఇప్పటికిని తేల్చుకొనలేకున్నాను.

మూడువారములు నిద్ర సరిగ పట్టలేదు. విద్యార్థి కాపీకొట్టిన బెత్తము తీసిన చేయి ఇది. చివరకు రెండవ జాబు వ్రాసి, గడిలోని మాట ఉన్నదున్నట్లు చెప్పి, నాడు ఆ కులమువారి కిచట గల స్థితియును దాపరికము లేకుండ తెలిపి, క్షమాపణ కోరితిని. ఓడమీద, తోటలలో అట్లు పేరు మార్చుకొన్నవా రనేకులని, దానిని దొంగతనమని నేను తలంపననియు వ్రాసితిని. నూజివీటి దొరలు కట్టబెట్టిన బిరుదులకును, చెరకుతోటలో ఐదేండ్లు ఎండనపడి తనకు తానిచ్చుకొన్న బిరుదునకును తూకము వేయుమన్న నేను ఏవైపు మొగ్గుదునో మీకు చెప్పనక్కరలేదు. నాయకు డనగా నడిపించువాడు. ఎవరిని నడిపించెనో ఆయన మనుమలలో మనుమలు నేడు డర్బనులో బడిపంతులై చూపుచున్నారు.

బదులు రెండు దినములలో వచ్చినది. ఆ గడిలోని మాట ఆయన ముందే చదివినాడట. ఇంగ్లీషున వ్రాసినదే గదా, చదువరాదా! అర్థమే తెలియదు, అచటి పెద్దలనడిగిన మాట తప్పించిరి. దానిని నేను చెప్పుదునో దాచుదునో చూడవలెనని నాకు ప్రత్యేకముగ ప్రశ్న వేయలేదట. మొదటి జాబు చదివి యొక దినము చింతించినా నని మాత్రము వ్రాసినాడు. పేరు మార్చుకొనడట, నూరేండ్లు ఆ పేరుతో జైలునకును, బడికిని, శ్మశానమునకును పోయినవారము, ఇప్పుడెట్లు వదలుదుమని. ఇంటిపేరు దొరకలేదనియే ఆయన విచారము.

ఆ ఇంటిపేరు నాకింకను దొరకలేదు. ఈ ప్రసంగము వినుచున్న పెద్దలలో, లేక తరువాత అచ్చులో చదువువారిలో, "మా తాతగారి అన్నదమ్ములలో ఒకడు రేవునకు పోయి తిరిగి రాలేదు" అని ఇంటిలో వినినవారెవరైన నుండవచ్చును. ఎడమకాలిమీద మచ్చ గుర్తు. ఏ పేటవారైనను సరే, సంకోచింపక బాపులపాడునకు కార్డుముక్క వ్రాయవలెనని ప్రార్థన.

ఆయన ఈ వైశాఖమున రసాల కాలమునకు వచ్చుచున్నాడు. విజయవాడలో రైలు మారి నూజివీడు అను బోర్డు చూచి దిగుమని వ్రాసితిని. ఆ స్టేషను నూజివీటిలో లేదనియు, పది మైళ్ళకు పైగా ఇవతల మా హనుమాన్ జంక్షనువద్దనే యున్నదనియు, ఊరేదని కంగారుపడక అచటనే నిలిచియుండుమనియు, నేను వచ్చి తీసికొని పోదుననియు తెలిపితిని. మొదట ఏ గూడెమునకు తీసికొని పోవలెనో ఇంకను నిశ్చయించుకొనలేదు.